రెండించుల ఎత్తు

మాదన్నపేట మండీకి తెల్లవారుజామున వచ్చే పికప్ బండ్లను వెనక నుంచి చూడాలి. ఇబ్రహీంపట్నం, యాచారం వైపు నుంచి టమాటా ట్రేలు, వంకాయ బస్తాలు మోసుకొచ్చే బండి నేలకు అణిగి, బరువుగా, పెద్దగా చప్పుడు లేకుండా వస్తుంది. గుంతలో దిగినా ఒకసారి ఊగి సర్దుకుంటుంది. సరుకు దించేశాక అదే బండి తిరిగి వెళ్తున్నప్పుడు చూడండి. వెనక భాగం బెత్తెడు పైకి లేచి ఉంటుంది. ఇందాకటి గుంతలోనే ఇప్పుడు ధడేలున ఎగిరిపడుతుంది. ఖాళీ ట్రేలు గలగలమంటాయి, డ్రైవరు పక్కన కూర్చున్న కుర్రాడు పైన కడ్డీ పట్టుకుంటాడు. బండి అదే, దారి అదే, ఇనుము అదే. మారింది బరువొక్కటే.

బండి కిందికి వంగి చూస్తే వెనక ఇరుసుకు రెండు పక్కలా విల్లులా వంగిన ఇనుప రేకుల కట్ట కనిపిస్తుంది. అది కమాన్ కట్ట. అందులో ఒక్కో రేకు కమాన్ పట్టీ. పారసీకంలో కమాన్ అంటే విల్లు. హైదరాబాదీలకు ఆ మాట ఇంకోలా కూడా తెలుసు. చార్మినార్‌కు ఉత్తరాన, గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలు చార్ కమాన్. మచిలీ కమాన్ కింద నుంచి, కాలీ కమాన్ కింద నుంచి నాలుగు వందల ఏళ్లుగా జనం నడుస్తూనే ఉన్నారు. రాతి కమాను, ఇనుప కమాను రెండూ బరువు మోసేవే కానీ మోసే తీరు వేరు. రాయి వంగదు. మీద పడిన బరువును పక్కలకు తోసి నేలకు అప్పగిస్తుంది. ఇనుప పట్టీ వంగుతుంది. వంగడమే దాని పని.

ఈ రెండు కమాన్ల రహస్యాన్నీ ఒకే మనిషి ఒకే పుస్తకంలో దాచిపెట్టాడు. లండన్ రాయల్ సొసైటీలో ప్రయోగాలు చూసే రాబర్ట్ హుక్ 1676లో సూర్యుణ్ని చూసే పరికరాల గురించి ఒక చిన్న పుస్తకం వేశాడు. దాని చివర అర్థం కాని అక్షరాల గుంపులు కొన్ని అచ్చయ్యాయి. తాను కనిపెట్టినదాన్ని వెంటనే బయటపెట్టకుండా, రేపు ఇంకొకరు నాదంటే అక్షరాలు సర్ది చూపించడానికి ఆనాటి పండితులు వాడిన ఉపాయం అది. ఒక గుంపులో తోరణం ఉంది: వేలాడే గొలుసు తీసుకునే వంపును తలకిందులు చేస్తే గట్టిగా నిలిచే కమాను వస్తుంది. ఇంకో గుంపులో స్ప్రింగు ఉంది. దాన్ని 1678లో ఆయనే విప్పాడు: ఎంత బలం వేస్తే అంత సాగుతుంది, బలం రెట్టింపైతే సాగడమూ రెట్టింపు. ఆ 1676 పుస్తకంలోనే, అక్షరాల్లో దాచకుండానే, ఒక కీలును వర్ణించాడు. రెండు కడ్డీలు వంకరగా కలిసినా ఒకదాని తిరుగుడును రెండోదానికి అందించే కీలు. దాని దగ్గరకు మళ్లీ వస్తాం. బండి లేపాలనుకునేవాళ్లకు స్ప్రింగు సూత్రం దారి ఇస్తుంది. ఆ కీలు అడ్డం పడుతుంది.

హుక్ ఇవి రాస్తున్న రోజుల్లోనే గోల్కొండలో అబుల్ హసన్ తానీషా కొలువులో మాదన్న ప్రధాని. ఈ పేట ఆయన పేరు మీదనే వెలిసిందని చెబుతారు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు. అయినా ఒకరి పేరున్న పేటలో రెండోవాడి సూత్రం రోజూ తెల్లవారుజామున వందల చక్రాల మీద పనిచేస్తుండటం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

లెక్క కోసం ఒక బండి అనుకుందాం. ఖాళీగా ఉంటే వెనక కమాన్ కట్టల మీద 600 కిలోలు పడతాయి. సరుకు ఎక్కితే ఇంకో 1200. ఆ 1200 కిలోలకు బండి 6 సెంటీమీటర్లు కుంగిందంటే సెంటీమీటరుకు 200 కిలోలన్నమాట. అంటే ఖాళీ బండి తన బరువుకు కమాన్‌ను వంచింది 3 సెంటీమీటర్లే. నిండు బండి వంచింది 9.

ఇప్పుడు ఒక దారానికి చిన్న రాయి కట్టి ఊపండి. దారం పొడవు 9 సెంటీమీటర్లు ఉంచితే ఆ రాయి ఏ లయలో ఊగుతుందో, నిండు బండి గుంతలో పడ్డప్పుడు అదే లయలో ఊగుతుంది. దారాన్ని 3 సెంటీమీటర్లకు కుదిస్తే అది ఖాళీ బండి లయ. ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు. స్ప్రింగు ఎంత కుంగిందో అంత పొడవున్న లోలకానికీ, ఆ స్ప్రింగు మీది బరువుకూ ఊగే వేగం అచ్చంగా ఒకటే. కుంగుదలను సెంటీమీటర్లలో తీసుకుని దాని వర్గమూలంతో 5ను భాగిస్తే సెకనుకు ఎన్ని ఊపులో వస్తుంది. నిండు బండికి 1.7, ఖాళీ బండికి 2.9. మనం మామూలుగా నడిచేటప్పుడు సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాం. ఒంటికి ఆ లయ అలవాటే. సుఖంగా ఉందనిపించే కారు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల మధ్య ఊగుతుంది. మూడు దగ్గరకు వచ్చేసరికి నడుము పట్టేస్తుంది. మండీ నుంచి ఖాళీగా వెళ్లే డ్రైవరు పడే బాధ అంతా 3 సెంటీమీటర్ల దారంలో ఉంది.

పాతబస్తీలో సరుకు బండిని లేపడమంటే ముందుగా తట్టేది పట్టీ ఎక్కించడం. కంపెనీ ఇచ్చిన కట్టలో ఇంకో పట్టీ చేరుస్తారు. అప్పుడు ఒకటిన్నర టన్నులు వేసినా బండి తోక వాలదు. రేకులు ఎన్ని చేరితే బిగువు ఆ లెక్కనే పెరుగుతుంది: ఒకే మందమున్న ఆరు పట్టీలకు ఏడోది చేరితే ఆరో వంతు. మందం సంగతి అలా కాదు. వంగిన పట్టీలో ఒక వైపు పొరలు సాగుతాయి, రెండో వైపువి నలుగుతాయి, నడుమ పొర ఎటూ కాకుండా ఉంటుంది. మందం రెట్టింపు చేస్తే అంచు పొర సాగే దూరం రెట్టింపవుతుంది, నడుమ నుంచి దాని మీట పొడవు రెట్టింపవుతుంది, పొరలూ రెట్టింపవుతాయి. రెండు రెండ్ల నాలుగు, నాలుగు రెండ్ల ఎనిమిది. 7 మిల్లీమీటర్ల పట్టీ తీసి 8 మిల్లీమీటర్లది వేస్తే కంటికి తేడా తెలియదు, బిగువు మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. బరువు పంచుకునేది కమాన్ ఒక్కటే కాదు కదా. ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే. బండి కుంగకపోతే బరువు లేదని కాదు, బరువు కనబడటం లేదని.

డబ్బు లేనప్పుడు చేసే ఇంకో పని ఉంది. చదునైపోయిన పాత పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి మళ్లీ వంపు తెస్తారు. రెండు వారాలు బండి ఠీవిగా నిలుస్తుంది, ఆ తర్వాత మళ్లీ వాలుతుంది. ఎందుకంటే ఇక్కడ బిగువు వేరు, బలం వేరు. మెత్తటి ఇనుమూ కమాన్ ఉక్కూ కొద్ది బరువుకు దాదాపు ఒకేలా వంగుతాయి. వేడి చేసినా చల్లార్చినా ఆ గుణం పెద్దగా మారదు. మారేది ఎంత వరకు వంచితే తిరిగి వస్తుందన్న హద్దు. కమాన్ ఉక్కును తయారీలో 850 డిగ్రీల పైన కాల్చి నూనెలో ముంచి ఒక్కసారిగా చల్లారుస్తారు. అప్పుడది గాజులా పెళుసవుతుంది. దాన్ని మళ్లీ 450, 500 డిగ్రీల దగ్గర నెమ్మదిగా వేడిచేసి పెళుసుదనం తగ్గిస్తారు. ఈ రెండు మెట్లతో ఆ హద్దు ఎంతో పైకి వెళ్తుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి గాలికి వదిలేస్తే ఆ శ్రమంతా చెరిగిపోతుంది. వంపు వస్తుంది, వంపును నిలబెట్టుకునే గుణం పోతుంది.

*

నా స్నేహితుడి బండి కూరగాయల బండి కాదు. నాలుగు తలుపులు, వెనక తొట్టి ఉన్న ఇసుజు వీ-క్రాస్. ఆ రకం బండ్లు మన శ్రీసిటీలోనే తయారవుతాయి. 2016 ఏప్రిల్‌లో అక్కడ కర్మాగారం మొదలైంది. తెలుగు నేల మీద సరుకు బండ్లు తయారవడం అంతకు ముందూ ఉంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్ కలిసి జహీరాబాద్ దగ్గర చిన్న ట్రక్కులు చేశాయి. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. వీ-క్రాస్ మొదటి రకంలో ఉన్నది నాలుగు సిలిండర్ల రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను. దాని టార్క్ 320 న్యూటన్ మీటర్లు. ముందు చక్రాలకు రెండేసి చేతులు, వాటి నడుమ చుట్ట స్ప్రింగు. వెనక మన కమాన్ కట్టలే. వాడికి వారాంతాల్లో అనంతగిరి వైపు, నల్లమల అంచుల్లోకి పోవడం సరదా. రాళ్ల దారిలో కింద తగులుతోందని లేపాలనుకున్నాడు. మాదన్నపేటలో నాకు తెలిసిన ఉస్తాద్ దగ్గరకు తీసుకెళ్లాను.

"ఉస్తాద్, రెండించులు లేపాలి" అన్నాడు మావాడు.

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు: "ఏది లేపాలె అన్నా? బాడీనా, ఇరుసా?"

మావాడికి ప్రశ్న అర్థం కాలేదు. నాకూ వెంటనే అర్థం కాలేదు.

"బాడీ నేను లేపుతా. కానీ రాయి తగిలేది వెనక ఇరుసు గుండుకు గదా. దాన్ని స్ప్రింగు లేపదు, టైరే లేపాలె."

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. స్ప్రింగు ఇరుసు మీద కూర్చుంటుంది, ఇరుసు చక్రాల మీద. స్ప్రింగు దగ్గర ఎంత ఎత్తు చేర్చినా దాని పైన ఉన్నవే లేస్తాయి: చాసిస్, ఇంజను, తొట్టి, మనుషులు. ఇరుసు మధ్యలో పళ్లచక్రాలు దాచుకున్న ఆ లావుపాటి ఉబ్బు నేలకు ఎంత దూరంలో ఉందో అంతే ఉంటుంది. బండిలో అన్నిటికంటే కిందికి వేలాడేది సాధారణంగా అదే. మరి లిఫ్టు వల్ల లాభమే లేదా అంటే ఉంది. గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపరు, దిగేటప్పుడు వెనక తొట్టి అంచు, మిట్ట దాటేటప్పుడు బండి నడుము తగలకుండా ఉంటాయి. పెద్ద టైరుకు తొట్టి కింద చోటు దొరుకుతుంది. ఇరుసును లేపేది ఆ టైరు.

టైరుకూ లెక్క ఉంది. వాడి బండికి ఉన్నవి 245/70 ఆర్16 టైర్లు. వ్యాసం సుమారు 749 మిల్లీమీటర్లు. 265/75 ఆర్16 వేస్తే 804. వ్యాసంలో పెరిగిన 55లో ఇరుసు లేచేది సగమే, 27 మిల్లీమీటర్లు, ఇంచికి కాస్త ఎక్కువ. దానికి ఇంజను చెల్లించేది ఏడు శాతం. చక్రం పెద్దదైతే నేలను తోసే మీట పొడవవుతుంది, తోపు తగ్గుతుంది. నేల దగ్గర లెక్కిస్తే 320 న్యూటన్ మీటర్ల ఇంజను 298దైనట్టు. ఎనిమిది సిలిండర్ల అమెరికా బండికి ఇది లెక్కలోకి రాదు. నాలుగు సిలిండర్ల బండి నిండు బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు మాత్రం గేరు ఒకటి కిందికి దించాల్సి వస్తుంది. మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 64లో పోతుంటుంది.

*

ఉస్తాద్ ముందు చక్రాలతో మొదలుపెట్టాడు. జాకీ మీద లేపి, చాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే చక్రం విప్పాడు. జాకీని మాత్రమే నమ్మి బండి కింద దూరకూడదని షాగిర్దు కుర్రాడికి రెండుసార్లు చెప్పాడు. స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఒకే గుంజలా ఉండే ఆ భాగాన్ని బయటికి తీసి, దాని నెత్తిన 30 మిల్లీమీటర్ల మందమున్న దిమ్మ బిగించాడు. 30కే రెండించులు ఎలా వస్తాయని మావాడి అనుమానం. గుంజ కింది కొస చక్రం దగ్గర లేదు. కింది చేయి పొడవులో నడుమ ఎక్కడో తగులుతుంది. తలుపును బందుకు దగ్గరగా కొంచెం తోస్తే అవతలి అంచు చాలా దూరం కదలదా, ఇదీ అంతే. గుంజ చేతి పొడవులో పదింట ఆరు వంతుల దగ్గర ఉంటే అక్కడి 30 చక్రం దగ్గర 50 అవుతుంది.

దిమ్మ వేసినా స్ప్రింగు బిగువు మారలేదు, బండి బరువూ మారలేదు. అందుకని ఊపు లయ కూడా మారదు. ఇది దిమ్మకున్న మంచి గుణం. చెడ్డ గుణం ఇంకోచోట ఉంది. చక్రం పైకీ కిందికీ కదలగలిగే మొత్తం దూరాన్ని ఆ రెండు చేతులు నిర్ణయిస్తాయి, స్ప్రింగు కాదు. బండి 5 సెంటీమీటర్లు పైన నిలబడిందంటే చక్రం కిందికి దిగడానికి మిగిలిన దూరంలోంచి ఆ 5 పోయినట్టే. చక్రం గుంతలోకి దిగబోయి మధ్యలోనే ఆగి, చేయి ఇనుముకు కొట్టుకుంటుంది. లిఫ్టు చేసిన బండ్లు గుంతల్లో 'ఠక్' మనేది అందుకే. పైగా చేతులు కిందికి వాలాయి కనుక చక్రం నిలువు తప్పుతుంది, స్టీరింగు కోణాలు తప్పుతాయి. అలైన్‌మెంట్ చేయించకుండా తిప్పితే కొద్ది నెలల్లో టైరు ఒక అంచున అరిగి బట్టతలలా అవుతుంది.

వెనక పని చూడటానికి తేలిక. మావాడి బండిలో కమాన్ కట్ట ఇరుసుకు పైన ఉంది. యూ బోల్టులు విప్పి, ఇరుసును కాస్త దించి, రెండింటి నడుమ ఇనుప దిమ్మ పెట్టి, పొడవైన కొత్త యూ బోల్టులతో బిగించాలి. పాత బోల్టులు పొడవు సరిపోయినా మళ్లీ వాడకూడదు. ఒకసారి సాగిన మరలు రెండోసారి అంత పట్టు ఇవ్వవు. దిమ్మ మీద దిమ్మ పెట్టడం ఉస్తాద్ ఒప్పుకోడు. కారణం బ్రేకు. బ్రేకు పట్టినప్పుడు చక్రం ఇరుసును తనతో తిప్పబోతుంది, దాన్ని ఆపేది కమాన్ పట్టీలే. ఇరుసుకూ పట్టీకీ నడుమ ఎత్తు పెరిగేకొద్దీ ఆ మెలి పెరుగుతుంది, పట్టీలు పాములా రెండు వంకలు తిరుగుతాయి.

కొందరు దిమ్మ బదులు షాకిల్ మారుస్తారు. కమాన్ వెనక కొసను చాసిస్‌కు వేలాడదీసే చిన్న పట్టాలే షాకిళ్లు. వాటిని రెండించులు పొడవు చేస్తే బండి లేచేది ఒక ఇంచే, ఎందుకంటే ఇరుసు కమాన్ మధ్యలో ఉంది, లేచేది ఒక కొస మాత్రమే. కమాన్ వెనక్కి వాలుతుంది, దాంతో ఇరుసూ కాస్త వెనక్కి తిరుగుతుంది. ఇక్కడే హుక్ కీలు నోరు విప్పుతుంది.

గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిరుగుడును మోసే పొడవాటి గొట్టం ప్రొపెల్లర్ షాఫ్ట్. గేర్‌బాక్స్ చాసిస్‌తో పాటు ఉంటుంది, ఇరుసు గుంతలతో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. అందుకని గొట్టం కొసల్లో కీళ్లు ఉండాలి. మెకానిక్కులు ‘క్రాస్’ అనే ఆ కూడిక గుర్తు ఆకారపు ముక్కే 1676 నాటి కీలు. దానికి పుట్టుకతో ఒక లోపం ఉంది. వంకరగా ఉన్నప్పుడు అది తిరుగుడును సమంగా అందించదు. ఇవతలి కడ్డీ ఒకే వేగంతో తిరుగుతున్నా అవతలి కడ్డీ ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరికి, రెండుసార్లు వెనకబడుతుంది. కోణం 5 డిగ్రీలైతే ఆ తేడా వెయ్యికి నాలుగు పాళ్లు, ఎవరికీ తెలియదు. 10 డిగ్రీలకు నూటికి ఒకటిన్నర. 15కి నూటికి మూడున్నర. కోణం మూడింతలైతే కుదుపు తొమ్మిదింతలు. 60 కిలోమీటర్ల వేగంలో ఆ గొట్టం సెకనుకు దాదాపు 30 చుట్లు తిరుగుతుంది, కాబట్టి కుదుపులు సెకనుకు 60. సీటు కింద గుయ్యిమనే మూలుగు వినిపిస్తుంది.

దీనికి విరుగుడు రెండో కీలు. ఒక కొసన కలిగిన తప్పును రెండో కొసన ఉన్న కీలు అంతే మోతాదులో వెనక్కి తీసుకుంటుంది, రెండు కోణాలూ సమానంగా ఉంటేనే. దిమ్మ వేస్తే రెండు కోణాలూ ఒకేలా పెరుగుతాయి. మీటరుంపావు పొడవున్న గొట్టానికి 5 సెంటీమీటర్ల ఎత్తు తెచ్చేది రెండు డిగ్రీల పైచిలుకు. బండి ఓర్చుకుంటుంది. షాకిల్ పద్ధతిలో ఇరుసు తిరిగిపోతుంది కనుక ఒక కోణం ఒకలా, రెండోది ఇంకోలా అవుతాయి. ఒక కీలు చేసిన తప్పును రెండోది సరిదిద్దలేదు. అప్పుడు ఇరుసుకూ కమాన్‌కూ నడుమ వాలుగా అరగదీసిన పలుచటి ఇనుప ముక్క పెట్టి ఇరుసును మళ్లీ మునుపటి కోణానికి తిప్పాలి. మావాడి బండికి అది అవసరం పడలేదు. ఉస్తాద్ అయినా కోణమానిని గొట్టానికి ఆనించి రెండు చోట్లా చూశాకే ఒప్పుకున్నాడు.

*

తరువాత ఆయన చూపించిన సంగతి నాకు కొత్త, దాని గురించి చాలామందికి చెప్పాను. చాలా పికప్ బండ్లలో చాసిస్‌కు ఒక చిన్న బ్రేకు వాల్వు ఉంటుంది, దాని నుంచి ఒక కడ్డీ వెనక ఇరుసుకు తగిలి ఉంటుంది. బండి నిండినప్పుడు చాసిస్ కుంగి కడ్డీ ఒక వైపు తిరుగుతుంది. బరువు ఉంది, వెనక చక్రాలకు గట్టిగా బ్రేకు వేయవచ్చు అని వాల్వుకు తెలుస్తుంది. ఖాళీ అయితే చాసిస్ లేస్తుంది. వెనక తేలికగా ఉంది, గట్టిగా పడితే చక్రాలు బిగుసుకుని బండి తిరిగిపోతుందని వాల్వు వెనక బ్రేకు తగ్గిస్తుంది. ఆ వాల్వుకు బరువు తెలియదు. ఎత్తు మాత్రమే తెలుసు. రెండించులు లేపిన బండి నిండు బరువుతో ఉన్నా దానికి ఖాళీగా కనిపిస్తుంది, వెనక బ్రేకులు సగం మనసుతో పడతాయి. కడ్డీ కొసను అంతే ఎత్తున మళ్లీ అమర్చితే సరిపోతుంది. ఆ పని మరచిన బండి రోజూ బాగానే ఆగుతుంది, ఆగాల్సిన ఆ ఒక్క రోజు తప్ప. మండీ బండ్లకు మందపాటి పట్టీలు ఎక్కించినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. దయచేసి ఆ కడ్డీ సంగతి అడగండి.

దీపాలు కూడా చూసుకోవాలి. ముందు మాత్రమే 5 సెంటీమీటర్లు లేపితే, ఇరుసుల నడుమ దూరం 3.1 మీటర్లు కనుక బండి వందకు 1.6 చొప్పున పైకి చూస్తుంది. తక్కువ వెలుగు దీపాన్ని వందకు ఒకటి చొప్పున కిందికి చూసేలా పెడతారు. ఇప్పుడది ఎదుటి స్కూటరువాడి కళ్లలోకి చూస్తుంది. సైదాబాద్ రోడ్డులో రాత్రిపూట నడిచే ఎవరికైనా ఈ లెక్క కళ్లతోనే తెలుసు.

బోల్తా సంగతి వేరుగా చెప్పాలి. ఎడమ, కుడి చక్రాల నడుమ దూరంలో సగాన్ని బండి బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ. చక్రాల నడుమ 1.57 మీటర్లు, కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే 1.12. 5 సెంటీమీటర్లు లేపితే 1.05. ఇరుసులు, చక్రాలు లేవవు కనుక నిజానికి నష్టం ఇంకా కాస్త తక్కువ. అదే బండిలో తొట్టి పైదాకా సరుకు పేర్చి కేంద్రాన్ని మీటరు ఎత్తుకు తీసుకెళ్తే 0.79కి పడిపోతుంది. లిఫ్టు తీసుకున్నదానికంటే ఎత్తుగా పేర్చిన ట్రేలు తీసుకునేదే ఎక్కువ. రెండూ కలిపితే వంపుల్లో బండి ఎంత నెమ్మదిగా తిరగాలో డ్రైవరు కొత్తగా నేర్చుకోవాలి.

2020 అక్టోబరు 13 రాత్రి వాన తర్వాత చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా వైపు కాలనీలు నీళ్లలో ఉన్నప్పుడు ఎత్తు బండి ఉంటే బాగుండునని అనుకోనివాళ్లు లేరు. ఎత్తు వల్ల ఇంజను గాలి పీల్చే గొట్టం నీటికి పైన ఉంటుంది, నిజమే. ఇరుసు మాత్రం ఎప్పటిలాగే నీళ్లలో. గంటసేపు తిరిగి వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి నుంచి గాలి లాక్కుంటుంది. ఆ గాలి కోసం ఇరుసు నెత్తిన చిన్న రంధ్రం, దానికొక టోపీ ఉంటాయి. నీళ్లలో ఉన్నప్పుడు అది లాక్కునేది నీళ్లనే. నూనె పాలలా తెల్లబడి పళ్లచక్రాలు తినేసుకుంటాయి. ఆ రంధ్రానికి రబ్బరు గొట్టం తొడిగి పైకి తొట్టి దాకా తీసుకెళ్లడానికి అయ్యే ఖర్చు చాలా కొద్ది. మొత్తం లిఫ్టులో నీళ్లకు పనికొచ్చేది ఆ గొట్టమేనని నా నమ్మకం.

చట్టం మాట కూడా తెలియాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పానా పట్టకముందే రవాణా కార్యాలయంలో, బీమా కంపెనీలో అడిగి తెలుసుకోవడం మేలు. మావాడు ముందే అడిగి వచ్చాడు.

సాయంత్రానికి పని ముగిసింది. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ చెప్పింది ఒకటే: "అయిదొందల కిలోమీటర్లు తిప్పి రా అన్నా. యూ బోల్టులు మళ్ల బిగించాలె."

గట్టిగా బిగించిన బోల్టు మళ్లీ ఎందుకు బిగించాలని దారిలో మావాడు అడిగాడు. బోల్టు కూడా స్ప్రింగే. నట్టు బిగిస్తుంటే ఆ కడ్డీ సాగుతుంది. తిరిగి ముడుచుకోవాలన్న దాని ప్రయత్నమే ఇరుసునూ దిమ్మనూ పట్టీలనూ ఒక్కటిగా అదిమి ఉంచే పట్టు. అరచేతి పొడవు కడ్డీ అలా సాగేది మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు. కొత్త దిమ్మకు రంగు పూత ఉంటుంది, పట్టీల నడుమ తుప్పు, దుమ్ము ఉంటాయి. కుదుపులకు అవి నలిగి, అన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతు సర్దుకుంటే చాలు, పట్టులో మూడో వంతు పోయినట్టే.

మూడు వారాల తర్వాత బండి మళ్లీ మాదన్నపేట వచ్చింది. మీటరు మీద 540 కిలోమీటర్లు పెరిగాయి. కింద ఎర్రమట్టి ఎండి అంటుకుంది. షాగిర్దు కుర్రాడు మట్టి గీకి, ఎనిమిది నట్లకూ వరసగా పానా వేశాడు. ఏడు పావు చుట్టు చొప్పున తిరిగాయి. ఒకటి అర చుట్టు తిరిగింది.